స్టీరింగు లేని బండీ, మా అక్కా

పోయిన నెల ఒక పెండ్లి పత్రిక ఇవ్వడానికి పులివెందుల పోయి, బస్సుకు ఇంకా అరగంట ఉందని అక్కడి పార్కు గేటు ముందర నిలబడ్డాను. లోపల పచ్చిక మీద ఒకాయన ఎర్రబండి ఎక్కి గడ్డి కోస్తున్నాడు. బండికి స్టీరింగు లేదు, రెండు చేతుల్లో రెండు కడ్డీలున్నాయి, అంతే. చెట్టు అడ్డం వచ్చినప్పుడల్లా బండి నిలబడ్డచోటే బొంగరంలా తిరిగి మళ్ళీ వచ్చిన దారినే పోతోంది. చూసేవాళ్ళకు అదొక వినోదం, నా పక్కనాయన సెల్లులో వీడియో కూడా తీసుకున్నాడు. నేను మాత్రం గేటు ఊచలు రెండు చేతులా బిగించి పట్టుకున్నాననీ, అరచేతులు తడిసిపోయాయనీ, ఈలోగా బస్సు వెళ్ళిపోయిందనీ కాసేపటికిగానీ తెలుసుకోలేదు. మన ఈడువాళ్ళకు అరచేతులు చెమర్చాయంటే డాక్టర్లు ముందు షుగరు పరీక్ష రాస్తారు. నాది షుగరు కాదు. ఒక మట్టిగట్టు.

రాష్ట్రం రెండైన కొత్తల్లో నేను ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగు పోయే దారిలో ఒక ప్రైవేటు కాలేజీకి ఎస్టేటు సూపర్వైజరుగా ఉండేవాణ్ణి. ఎస్టేటు అంటే పెద్దగా ఊహించుకోవద్దు. నీళ్ళ ట్యాంకులు, ట్యూబులైట్లు, వీధికుక్కలు, గడ్డి. చదివింది చరిత్రలో ఎం.ఏ. కాబట్టి సామ్రాజ్యాలు ఎందుకు కూలిపోతాయో కొంత చెప్పగలిగేవాణ్ణి గానీ, మోటారు ఎందుకు నీళ్ళు ఎక్కించడం లేదో చెప్పలేకపోయేవాణ్ణి. ఉద్యోగానికి కావలసింది రెండోది.

గడ్డి పని మా అక్కది. తోడబుట్టిన అక్కే, నాకంటే నాలుగేళ్ళు పెద్ద. వేంపల్లె దగ్గర పల్లెలో బావ పోయాక చాలా ఏళ్ళు తానే ఎడ్లు కట్టి సేద్యం చేసి, బోరు ఎండిపోయాక ఆ ఎడ్లను అమ్మి, ప్రొద్దుటూరుకు నా ఇంటికి వచ్చింది. తమ్ముడింట్లో ఊరికే కూర్చుని తినడం ఆమెకు రాని విద్య. నేనే కాలేజీలో చెప్పి, అప్పటికే ఉన్న నలుగురు ఆడవాళ్ళతో పాటు కొడవలి పనిలో పెట్టించాను. పొద్దున్నే వచ్చి వరుసగా కూర్చుని కోసేవాళ్ళు. కోసిన గడ్డిని మోపులు కట్టి ఇంటి దగ్గర బర్రెలకూ పొట్టేళ్ళకూ తీసుకుపోయేవాళ్ళు. ఆ నలుగురి ఇళ్ళలో పాడి నిలబడింది ఆ మోపుల మీదనే.

ఇంతలో మా యజమాని పైదేశం ఒకటి చూసి వచ్చాడు. అక్కడ ఆయనకు నచ్చినవి ఎన్ని ఉన్నాయో తెలియదుగానీ, తెచ్చుకున్నది మాత్రం గడ్డి మీద అభిప్రాయం.

“ఏమప్పా, మన గ్రౌండు గొర్రెలు మేసినట్టుండాదే?”

గొర్రెలైతే ఇంకా సమంగా మేస్తాయి సార్ అని నోటిదాకా వచ్చింది, మింగేశాను. మింగడంలో నాకు అనుభవం ఉంది. ఇరవై రోజుల్లో తనిఖీ కమిటీ వస్తుందని, ఆలోగా మంచి మిషను చూసి రమ్మని నన్ను బెంగుళూరు పంపించాడు.

షోరూములో మూడు రకాలు చూపించారు. ఒకటి వెనక నడుస్తూ తోసేది. మన గ్రౌండు దానితో కోయాలంటే ఈ చివర ముగించేలోగా ఆ చివర మళ్ళీ మొలుస్తుంది. రెండోది చిన్న ట్రాక్టరులాంటిది, స్టీరింగు ఉంటుంది, అది తిరగాలంటే కల్యాణమండపమంత జాగా కావాలి. మా కాలేజీలో ఆ జాగా లేదు, కారణం అతిథులు. వచ్చిన ప్రతి పెద్దమనిషీ తాను నిలబడ్డచోటనే ఒక మొక్క నాటేవాడు, దానిచుట్టూ కంచె, ఆయన పేరుతో పలక. కాబట్టి గ్రౌండు అంచులన్నీ గౌరవనీయులైన వేపమొక్కలతో అడ్డదిడ్డంగా నిండి ఉండేవి. మూడోది ఈ స్టీరింగు లేని బండి. షోరూమాయన నేల మీద ఒక కూల్‌డ్రింకు సీసా నిలబెట్టి, దాని చుట్టూ బండిని తిప్పి, సీసా కదలలేదని చూపించాడు. చరిత్రలో చాలామంది ఇంతకంటే తక్కువ సాక్ష్యానికి రాజ్యాలు రాసిచ్చారు. నేను బండి ఎంచుకున్నాను.

ఎంచుకుని వచ్చాకే తెలిసింది, నేను దేన్ని ఎంచుకున్నానో. యజమాని బండిని చూసి సంతోషించి, ఇక కొడవళ్ళతో పనేముందన్నాడు.

“బెంగుళూరోళ్ళు డ్రైవర్ను గూడా పంపిస్తారంట. లేదంటే మనోళ్ళలో ఎవురన్నా పదైదు దినాల్లో నేర్చుకోని, గ్రౌండంతా, గట్టుతో సహా, నా ముందర కోసి సూపీండి. కాకుంటే ఈ ఆడోళ్ళను మాన్పించు.”

బండికి పూజ మేమే చేశాం. పసుపు, కుంకుమ, పూలదండ, గుమ్మడికాయ, ముందు చక్రాల కింద రెండు నిమ్మకాయలు. కొత్తబండి ముందుకు కదిలి నిమ్మకాయలు తొక్కడం మన ఆనవాయితీ గదా. సూపర్వైజరును కాబట్టి సీటు నాకిచ్చారు. నాకు తెలిసిన బండి స్కూటరు; కడ్డీలు రెండూ దాని హ్యాండిలు పట్టుకున్నట్టు పట్టుకుని నా వైపు లాక్కున్నాను. బండి వెనక్కి దూసుకుపోయి, అంతకుముందు ఏడాది వచ్చిన ముఖ్య అతిథిని కంచెతో సహా పడగొట్టింది. నిమ్మకాయలు చెక్కుచెదరలేదు. తర్వాత కాలేజీ ట్రాక్టరు డ్రైవరు ఎక్కాడు. లేని స్టీరింగు కోసం ఆయన చేతులూ, లేని బ్రేకు కోసం కాళ్ళూ వెదుక్కుంటుంటే బండి పాము పోయినట్టు పోయింది. రెండు రోజులకు ఆయన దండం పెట్టి తప్పుకున్నాడు.

అప్పుడు ఆదుకున్నది మా పక్కింటి మామ. సాయిబుల ఇల్లు, మూడు తరాల ఇరుగుపొరుగు, వరస కలుపుకుని మామ అనేవాళ్ళం. ఇరవై ఏళ్ళు కువైట్‌లో ఉండి మోకాళ్ళు అరిగి తిరిగొచ్చిన మనిషి. అక్కడ ఒక షేకు తోటకు మేనేజరని మా వీధి వీధంతా అనుకునేది, ఆయన కాదనలేదు. నా గోడు విని కాసేపు గడ్డం నిమురుకుని, “మేనేజరూ లేదు పాడూ లేదురా అబ్బీ, నేను కోసింది ఆ గడ్డే, ఆ బండి మీదనే. ఊర్లో చాటబాకు,” అన్నాడు. ఇరవై ఏళ్ళ పరువు నాకోసం కిందపెట్టి మర్నాడే కాలేజీకి వచ్చాడు.

ఆయన చెబుతుంటే మేము అర్థం చేసుకున్నట్టు తల ఊపుతున్నాం. మోపు కట్టుకుంటున్న మా అక్క కొడవలి పక్కనబెట్టి లేచింది.

“ఎడమది లాగితే ఎడమకు తిరుగుతాది, కుడిది లాగితే కుడికి. రెండూ ముందుకు వదిలితే పోతాది. ఇంతేగదా? పగ్గాలు పట్టుకోని ఎద్దుల్ను తోలినట్టే. దీనికి ఇంతమంది మొగోళ్ళు ఎందుకురా?”

చీర కుచ్చిళ్ళు దోపుకుని ఎక్కింది. మొదటి అయిదు నిమిషాలు కొంచెం ఊగింది. పదో నిమిషానికి వేపమొక్కల చుట్టూ తిప్పుతోంది. స్కూటరూ ట్రాక్టరూ తెలిసినవాళ్ళం మేము నేర్చుకోలేకపోయింది, ఏ మోటారూ ముట్టని మనిషికి అప్పటికే చేతుల్లో ఉంది. మామ ఒక్కటే జాగ్రత్త చెప్పాడు.

“అమ్మీ, ఎద్దుకూ దీనికీ ఒగటే తేడా. రెండు పగ్గాలూ లాగితే ఎద్దు నిలబడతాది. ఇది ఎనక్కి పోతాది. మతిలో పెట్టుకో.”

“అట్లయితే ఎద్దే నయం మామా. యాడ నిలబడాల్నో దానికి తెలుసు.”

పదిరోజుల్లో గ్రౌండు నిజంగానే చాపలా తయారైంది. మిగిలిన నలుగురూ వెనక నడిచి గడ్డి పోగుచేస్తూ, మొక్కల మొదళ్ళు కొడవళ్ళతో సరిచేస్తూ, “ఏమక్కా, లైసెన్సుండాదా?” అని ఎగతాళి చేసేవాళ్ళు. మిగిలింది గట్టు.

గ్రౌండుకు పడమట ఆటలు చూసేవాళ్ళు కూర్చోవడానికి ఎత్తుగా పోసిన ఏటవాలు మట్టిగట్టు అది. దాని కింద వాననీళ్ళ కాలువ, నడుము లోతు, అడుగునా పక్కలకూ నాపరాళ్ళు. గట్టు కోసి యజమానికి చూపించడానికి ముందురోజు మామ నన్ను పక్కకు పిలిచాడు.

“గట్టు మీదికి వద్దురా. షేకు తోటలో గూడా గట్టుండె, ఆడ మేం చేత్తోనే కోస్తాంటిమి. ఒగాయప్ప ఎక్కిచ్చి నడుం ఇరగ్గొట్టుకున్యాడు. మీ సారుకు చెప్పు.”

“చెప్తా మామా,” అన్నాను. నిజానికి మామ చెప్పక్కర్లేదు. బండితో వచ్చిన పుస్తకంలో అదే మాట బొమ్మతో సహా ఉంది. వాలు మీద బండి బోర్లపడి, కింద ఒక మనిషి. ఆ పేజీ చూసినవాణ్ణి నేనొక్కణ్ణే. కానీ చెబితే ఏం చెప్పాలి? మీ డబ్బుతో నేను ఎంచుకొచ్చిన మిషను, మీకు ఎంతో ఇష్టమైన చోట పనికిరాదని. అన్నాక నా ఉద్యోగం ఉంటుందో లేదో తెలియదు. చెప్పకపోతే ఏమీ కాకపోవచ్చు. ఏమీ కాకపోవచ్చు అనే మాట మీద ఆ రాత్రి నిద్రపోయాను. కాస్త వాన కూడా పడింది.

పొద్దున్నే యజమాని వచ్చి కుర్చీ వేయించుకున్నాడు. అక్క బండిని గట్టు మీదికి ఎక్కించింది. ఎక్కించే ముందు ఒక్క క్షణం ఆగి నా వైపు చూసింది. నేను గడియారం చూసుకున్నాను. పైవరుస అడ్డంగా సాఫీగా కోసింది, రెండోదీ కోసింది, యజమాని తల ఊపాడు. మూడో వరుస చివర బండిని కిందికి తిప్పింది. అక్కడ గడ్డి ఇంకా తడి ఆరలేదు. బండి నడవడం మానేసి జారడం మొదలుపెట్టింది. ఆ రెండింటికీ తేడా వంద గజాల దూరం నుంచి కూడా తెలిసిపోతుంది.

దిగుడులో ఎడ్లు బెదిరి పరుగెత్తితే సేద్యం తెలిసినవాళ్ళెవరైనా చేసేదే మా అక్కా చేసింది. వెనక్కి వాలి, కాళ్ళు తన్నిపట్టి, రెండు పగ్గాలూ బలంకొద్దీ లాగింది. చక్రాలు వెనక్కి తిరిగి గడ్డిని మట్టితో సహా చీల్చి ఎగజిమ్మాయిగానీ బండి ఆగలేదు, ఇంకా జారింది. కాలువ పది అడుగులుంది. కొడవళ్ళు పట్టుకున్న నలుగురూ ఒక్కసారి అరిచారు. నేను యజమాని కుర్చీ వీపు రెండు చేతులా బిగించి పట్టుకున్నాను. మామ తన మోకాళ్ళను మరిచి పరుగెత్తాడు.

“వదులమ్మీ! పగ్గాలు వదులు! వదులూ!”

దిగుడులో పగ్గాలు వదలమనడమంటే ఎడ్లు తోలినవాళ్ళకు చావమనడమే. ఆమె చేతులు వినలేదు. కాలువ ఆరు అడుగులైంది. మామ మళ్ళీ అరిచాడు. అప్పుడు, ఎన్నో ఏళ్ళుగా నేర్చుకున్నదాన్నంతా పక్కన పెట్టి, రెండు చేతులూ మెల్లగా ముందుకు వదిలింది. బండి ఒక్క జానెడు వేగంగా పోయింది. ఆ జానెడులోనే చక్రాలకు నేల దొరికింది. అక్క ఎడమది కొంచెంగా లాగింది, బండి అడ్డం తిరిగి, ముందుచక్రం ఒకటి కాలువ మీద గాలిలో ఉండగా నిలబడిపోయింది.

ఇంజను ఆపి దిగింది. చీరకు అంటిన మట్టి దులుపుకుని, చిరిగిన గడ్డిచారలు చూసి, నేరుగా యజమాని కుర్చీ దగ్గరికి పోయింది.

“అప్పా, కింద నేలంతా ఈ బండితో నేనే కోస్తా. గట్టు మాత్రం దీంతో కాదు, కొడవలి పని. నాతో ఈ నలుగురూ ఉండారు, వాళ్ళు కోస్తారు. బెంగుళూరు ఆయప్ప వచ్చినా కాలవలోకే పోతాడు, వాని పెండ్లాంబిడ్డలకు నువ్వు చెప్పుకోవాల.”

యజమాని కాలువను చూశాడు, గాలిలో ఉన్న చక్రాన్ని చూశాడు, నన్ను చూశాడు.

“నీకు ముందే తెలీదా అప్పా ఈ సంగతి?”

“ఇప్పుడే తెలిసింది సార్.”

మామ మోకాలు రుద్దుకుంటూ నేల చూపులు చూశాడు. అక్క పోయి కొడవలి తీసుకుంది. అయిదుగురికీ పని నిలబడింది. కమిటీ వచ్చింది, ప్రయోగశాలలు చూసింది, మటన్ బాగుందంది, గ్రౌండు వైపు తిరగనే లేదు.

ఆ తర్వాత ఆరేళ్ళు అక్క ఆ బండి నడిపింది. ఇప్పుడు వేంపల్లెలో కూతురి దగ్గర ఉంది. మామ పోయి నాలుగేళ్ళయింది. పులివెందులలో బస్సు తప్పిపోయిన ఆ సాయంత్రం, తర్వాతి బస్సు కోసం బెంచీ మీద కూర్చుని అక్కకు ఫోను చేశాను. ఇన్నేళ్ళకు ఆ మాట చెప్పాను, గట్టు సంగతి నాకు ముందే తెలుసని, మామ చెప్పినాడని, నోరు రాలేదని. అటువైపు టీవీ చప్పుడు తగ్గింది.

“మామ ఆ పొద్దే నాకూ చెప్పినాడు లేరా. ఎక్కేటప్పుడు నిన్ను సూసినా, చెప్తావేమోనని. నువ్వు గడియారం సూసుకుంటివి.”

“మరి ఎందుకు ఎక్కినావు?”

“ఎక్కకుంటే ఆ నలుగురూ ఇండ్లకు పోతాండ్రి. పొద్దు మునిగింది, బస్సెక్కు పో. తిన్నావా?”

మొన్న జమ్మలమడుగు పోతూ కాలేజీలోకి తొంగి చూశాను. గ్రౌండుకు ప్లాస్టిక్ పచ్చిక పరిచారు, ఏడాది పొడుగునా ఒకే ఎత్తు. గట్టును సిమెంటు మెట్లు చేశారు, కాలువకు మూత వేశారు. చాలా బాగుంది, అబద్ధం చెప్పను. ఇప్పుడక్కడ జారేదేమీ లేదు, కోసేదేమీ లేదు, మోపు ఎత్తుకుపోయేవాళ్ళెవరూ లేరు. ఒక మనిషి ఇంకో మనిషి కోసం నోరు విప్పాల్సిన అవసరం కూడా ఎవరికీ రాదు. నాలాంటివాడు ఉద్యోగం చేసుకోవడానికి ఇంతకంటే అనువైన చోటు ఉండదు. కొంచెం ఆలస్యంగా కట్టారు, అంతే.