టోక్యో విమానం, నా మీటరు కట్టె

ఒక మీటరు కట్టె, ఒక ప్రపంచ పటం, కాస్త పౌరుషం ఉంటే చాలు, మనిషి మదనపల్లెలో నలుగురి ముందు ఎంత ఘనంగా నవ్వులపాలు కావచ్చో చెబుతాను వినండి. ఈ విద్యలో నాకు అనుభవం ఉంది.

తొంభైల చివర్లో పుంగనూరులో నాకు బట్టల అంగడి ఉండేది. మదనపల్లె వర్తకుల సంఘం ఒకటి పది ప్రశ్నల కాగితం పంచి, వారంలో జవాబులు ఇమ్మంది. మొదటి బహుమతి మిక్సీ. తొమ్మిదీ రాసేశాను. పదోది: టోక్యో నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు విమానం ఎంత దూరం ఎగరాలి?

మామూలు మనుషులైతే తెలిసినవాళ్లను అడుగుతారు. నేను గుడ్డకు అతికించిన ప్రపంచ పటాన్ని కౌంటరు మీద పరిచాను. కుడివైపు టోక్యో, ఎడమవైపు శాన్‌ఫ్రాన్సిస్కో. కట్టె పెట్టి కొలిస్తే మీటరు మీద పదహారు సెంటీమీటర్లు. కొసరు వదలకుండా గుడ్డ చించే అలవాటు మాకు లేదు కాబట్టి విమానానికీ రెండు సెంటీమీటర్లు వదిలాను. సెంటీమీటరుకు రెండు వందల యాభై కిలోమీటర్లని పటం మూలలో ఉంది. మొత్తం ఇరవై తొమ్మిదిన్నర వేలు.

"అంత దూరానికి పెట్రోలు యాడ పట్టిస్తారంట?" అంది నా భార్య సరోజ.

ఆడవాళ్లకు భూగోళం తెలియదని నవ్వాను. ఆ నవ్వు నాకు ఇప్పటికీ గుర్తుంది, ఆమెకు ఇంకా బాగా గుర్తుంది.

ఫలితాల రోజు మదనపల్లెలో సంఘంవాళ్లు సభ పెట్టారు. నాకు తొమ్మిది మార్కులు. మిక్సీ ఇంకెవరికో పోయింది. జవాబులు దిద్దింది కుప్పం నుంచి వచ్చిన రిటైర్డు సోషల్ మాస్టారు నారాయణప్ప.

"సార్, నా పదో జవాబు యాల కొట్టేసినారు?"

"తప్పప్పా అది. ఎనిమిది వేల చిల్లర."

"మీరు కొలిచినారా?"

"లేదప్పా, సదివినా."

"నేను కొలిచినా సార్."

అక్కడికక్కడే మూడు పేజీల ఫిర్యాదు రాసి సభలో చదివాను. అంతటితో ఆగితే నేను నేనెందుకవుతాను? నాది తప్పయితే ఈ జన్మలో ఇంక ఫిర్యాదు రాయనని అందరి ముందూ ఒట్టు పెట్టుకున్నాను. హాలంతా చప్పట్లు. నా ధైర్యానికేమో అనుకున్నాను.

చీరలా మడిచి తెచ్చుకున్న పటాన్ని గోడకు కొట్టించి, కట్టెతో చూపించాను. "సూడండి. జపాన్, చైనా, టర్కీ, స్పెయిన్, సముద్రం, అమెరికా. యాడన్నా వంకరుంటే చెప్పండి."

"కొలత బంగారమప్పా" అంటూ మాస్టారు పటం దించి, దాని రెండు చివరలూ గొట్టంలా కలిపి పట్టుకున్నారు. రెండు ఊళ్ల మధ్య మూరెడు సముద్రం.

"భూమి గుండ్రం గదప్పా. నీ విమానం ఊర్లన్నీ సూసుకుంటా తీరిగ్గా పోతాండాది. నాదానికి అంత పొద్దు లేదు."

ఇకమీదట ఏ రెండు ఊళ్ల మధ్య దూరాన్నీ కట్టెతో కొలవనని, పుంగనూరు నుంచి కుప్పం ఎంతని అడిగినా బస్సెక్కి కండక్టరునే అడుగుతానని సర్వజనుల సమక్షంలో ప్రమాణం చేస్తున్నాను.

సభలో పెట్టుకున్న ఒట్టు కూడా తప్పలేదు. ఆ తర్వాత ఒక్క ఫిర్యాదూ రాయలేదు. ఇప్పుడన్నీ విన్నపాలే. మొదటిది పటం అచ్చువేసినవాళ్లకు: భూమిని కోయడానికి మీకు ఆ సముద్రమే దొరికిందా అని. నాలుగు పేజీలు. జవాబింకా రాలేదు.