పచ్చరంగు గుంజ

మాది పాతబస్తీలోని హుస్సేనీ ఆలం. పాల వ్యాపారం. ఇంటి వెనక రేకుల కొట్టంలో మా బర్రెలుంటాయి. మొన్న దీపావళి తర్వాత, దున్నపోతులను ముస్తాబు చేసి ఊరేగించే సదర్ పండగకు మా ఆయన కొట్టం ఇనుప గుంజలకు పచ్చరంగు వేశాడు. పేడ, మూత్రం, కడిగిన నీళ్లు నిత్యం నిలిచే అడుగుభాగం తుప్పు పట్టి పెచ్చులూడుతోంది. అత్తమ్మ చూసి, "కింద గీకినంక ఎయ్యి కొడుకా" అంది.

"గాడ ఎవలు జూస్తరే అమ్మా? మల్ల పేడనే అయితది" అని మా ఆయన తుప్పు మీదే రంగు పూసేశాడు.

పండగ దాటిన కొన్నాళ్లకు, పొద్దున్నే అత్తమ్మ పాలు పితుకుతోంది. నేను గడ్డి వేస్తున్నాను. పక్కనున్న బర్రె రోజూలాగే గుంజకు మెడ రుద్దుకుంది. అంతే, గుంజ అడుగున ఫట్‌మని విరిగి, రేకులు ఒక పక్కకు కూలిపోయాయి. అత్తమ్మ కనిపించలేదు. ఎంత పిలిచినా పలకలేదు. మా ఆయన ఉరికొచ్చి ఒట్టి చేతులతో రేకు ఎత్తాడు. చేతులు కోసుకుపోయి రక్తం కారుతున్నా వదల్లేదు.

రేకు అత్తమ్మ పితుకుతున్న బర్రె వీపు మీద ఆగి ఉంది. దాని పొట్ట కింద ముడుచుకుని ఉన్న అత్తమ్మ, "నాకేం కాలే. ముందుగాల దాని ఈపు జూడుండ్రి" అంది.

విరిగిన గుంజకు రంగు ఇంకా తళతళలాడుతోంది. లోపలి ఇనుము వేళ్లతో నలిపితే పొడైపోయింది.

గుంజలన్నీ మార్చాం. అయినా అత్తమ్మ పితకడానికి కూర్చునే ముందు ఒక్కో గుంజనూ చెంబుతో కొట్టి వింటుంది. అన్నీ ఖంగుమనేదాకా నాకు ఊపిరాడదు.