కేత్కర్ సైకిలుకు రెండో అయస్కాంతం

రెండువేల పదకొండు జనవరి తొమ్మిదవ తేదీ, ఆదివారం, మధ్యాహ్నం ఒంటిగంట దాటి పది నిమిషాలు. ఎండ కాస్తున్నా గాలిలో చలి వదలలేదు. పుణేలో, నారాయణ్ పేఠ్ సందులో, దిగంబర్ ఫాటక్ దుకాణం తలుపు తట్టిన పాపం నాదీ, మా పైవాటాలో ఉండే బ్యాంకు ఉద్యోగి కేత్కర్‌దీ. తలుపుమీద పలక ఇలా ఉన్నది: “ఒంటిగంట నుండి నాలుగింటి వరకు యంత్రాలు చెడిపోరాదు.”

లోపలినుండి గొంతు వచ్చింది. “చదువు రాదా, చదివినా సిగ్గు రాదా?”

నాలుగింటికి తలుపు తీసిన ఫాటక్, ఇళ్లలో కదలకుండా తొక్కే వ్యాయామ సైకిళ్లను బాగుచేసేవాడు. తాను మాత్రం ఏనాడూ ఒకదానిపై ఎక్కి ఎరుగడు. ఎక్కితే అది మళ్లీ మరమ్మతుకు రావలసినంతటి దేహం. తొక్కి పాడుచేసిన సైకిలు తన చేతికి ఇంతవరకు రాలేదని, వచ్చినవన్నీ తొక్కక పాడైనవేనని ఆయన అభియోగం.

కేత్కర్ సైకిలూ ఆ కోవదే. ఏళ్లతరబడి కదలక దాని బెల్టు ఎండి బీటలువారింది. ఇప్పుడు దాని అవసరం పడింది. ఆయనకు చక్కెర జబ్బు ముదిరింది. మేమంతా వహిని, అంటే వదిన, అని పిలిచే ఆయన భార్య ఉష తీర్పు చెప్పింది: రోజూ మీటరుపై పది కిలోమీటర్లు కనబడాలి, మరాఠీ ఉగాది అయిన పాడ్వా పండుగ నాటికి చక్కెర దిగాలి, లేకుంటే ఆనాడు ఆయన విస్తరిలో తీపి పెరుగు శ్రీఖండ్ ఉండదు. శ్రీఖండ్ లేని పాడ్వా కేత్కర్‌కు మరణశిక్షతో సమానం.

మర్నాడు ఫాటక్ కేత్కర్ ఇంటికి వచ్చి బెల్టు మారుస్తుండగా, వహిని వంటింట్లో ఉన్న అదను చూసి కేత్కర్ గొంతు తగ్గించాడు.

“ఫాటక్, ఆ చక్రానికి అయస్కాంతం ముక్క ఉందే, అది దాటినప్పుడల్లా మీటరు ఒక చుట్టు లెక్కేస్తుందట కదా? ఇంకో ముక్క అంటించు. ఐదు తొక్కితే పది చూపిస్తుంది.”

“కేత్కర్‌సాహెబ్, బ్యాంకులో కూడా ఇదే పనా?”

“నీతులు తర్వాత చెబుదువుగాని. అంటిస్తావా, లేదా?”

“అంటిస్తా. కూలి కూడా రెట్టింపే మరి.”

ఆనాటినుండి కేత్కర్ రోజూ చెమటలు కక్కుతూ తొక్కి, మీటరుపై పది చూసి దిగి, మా ఇంటికి వచ్చి మీసాల చాటున నవ్వేవాడు. “తొక్కింది ఐదే! ఐదుకే ఇంత ఆయాసమైతే, నిజంగా పది తొక్కే వెర్రివాళ్లు ఎట్లా బతుకుతున్నారో!” చక్కెర మాత్రం నెలనెలా దిగింది. సగం తొక్కినా దిగింది కనుక, వైద్యమంతా బూటకమనడానికి ఆయనకు అంతకు మించిన నిదర్శనం అక్కరలేకపోయింది.

పాడ్వానాడు ఫాటక్‌నూ నన్నూ భోజనానికి పిలిచారు. రెండో గిన్నె శ్రీఖండ్ ముగిశాక కేత్కర్ నోరు ఆగలేదు.

“ఉషా, నిన్ను బుట్టలో వేశా. ఆ మీటరు రెట్టింపు చూపిస్తుంది!”

వహిని గరిటె కింద పెట్టలేదు. “మీ సంగతి నాకు తెలీదూ? ఆ రోజే ఫాటక్ మెట్లు దిగుతుంటే ఆపి, సగమే చూపించేటట్టు పెట్టించా. మీరు తొక్కింది ఇరవై, మహానుభావా!”

ఇద్దరూ ఫాటక్ వైపు చూశారు. ఆయన పూరీ ముక్కతో గిన్నె అడుగు తుడుస్తున్నాడు.

“సాహెబ్ రెట్టింపన్నారు, వహిని సగమన్నారు. రెట్టింపులో సగమెంత? ముందున్నదే. అందుకని దేన్నీ ముట్టుకోలేదు.”

“మరి ఇద్దరి దగ్గరా కూలి తీసుకున్నావే?” అన్నది వహిని.

“ఇద్దరి గుట్టూ దాచినందుకు.”

“అంటే... నేను పదీ తొక్కానా? నిజంగానా?” కేత్కర్ విస్తరి పక్కకు నెట్టాడు. “నా ఇంట్లో, నా సైకిలు మీద, నాచేత నిజంగా తొక్కిస్తావుట్రా!”

చేయి కడుక్కోకుండానే లేచిపోయాడు. మోసపోయినందుకు కాదు ఆయన కోపం. తనచేత నిజాయితీగా పనిచేయించినందుకు.

కేత్కర్ ఆ తరువాత సైకిలెక్కలేదు. ఆ దసరా నాటికి చక్కెర పూర్వస్థితికి చేరి, సూదిమందు మొదలైంది. మరుసటి పాడ్వాకు ఆయన విస్తరిలో శ్రీఖండ్ వడ్డించలేదు. సైకిలును వహిని తొక్కుతున్నది. దాని బెల్టును ఇప్పటికీ ఫాటకే చూస్తాడు, నాలుగింటి తరువాత.