వెనక సీట్లో యజమాని

మా వరసలో నాది బట్టలు కుట్టే కొట్టు. పక్కనే ఉండేది మోటార్లకు తీగ చుట్టే కొట్టు. కాలిపోయిన ఫ్యాన్లూ, మిక్సీలూ, నీళ్ల మోటార్లూ అక్కడికి వచ్చేవి. మాడిపోయిన రాగి తీగ విప్పేసి, కొత్తది చుట్టి, మళ్లీ తిరిగేలా చేసి పంపడం ఆయన పని. వీధిలో అందరికీ ఆయన వైండింగ్ అన్నయ్య. నాకూ అంతే.

పసితనంలో జ్వరం వచ్చి ఆయన రెండు కాళ్లూ చచ్చుబడిపోయాయి. ఇంటి నుంచి కొట్టుకి చేత్తో తిప్పే మూడు చక్రాల బండి మీద వచ్చేవాడు. మధ్యలో వంతెన ఎక్కాలి. జాలిపడి ఎవరైనా వెనక నుంచి తోయబోతే, "వదిలెయ్యి బాబూ, నా ఇంజను చిన్నబుచ్చుకుంటుంది" అనేవాడు. ఆ ఇంజను సంగతి నాకు బాగా తెలుసు. ఆయన చొక్కాలన్నీ నేనే కుట్టేదాన్ని. మనిషి సన్నం, భుజాలు మాత్రం పహిల్వానువి.

ఒకసారి కొలతలు తీస్తూ చెయ్యి పైకెత్తమన్నాను. ఎడమ చెయ్యి లేచింది. కుడి చెయ్యి సగం దాకా వచ్చి ఆగిపోయింది. నవ్వుతూ ఏదో అనబోయి పళ్లు బిగపట్టాడు. డాక్టరు దగ్గరకు నేనే తోలాను. బండి తిప్పడం మానకపోతే ఆ భుజం పూర్తిగా పోతుందని డాక్టరు తేల్చి చెప్పాడు. భుజం పోతే తీగ చుట్టడం పోతుంది. తీగ చుట్టడం పోతే ఆయనకు ఇంకేం మిగులుతుంది?

దారి లేకపోలేదు. బ్రేకూ, ఎక్సిలరేటరూ రెండూ చేత్తోనే నడిపేలా మార్చిన చిన్న కారు ఒకటుంటుంది. దాని బొమ్మ కత్తిరించి కొట్లో గోడకి అంటించుకున్నాడు. ఆయనలాంటి వాళ్లు బండి కొంటే ప్రభుత్వం పన్ను మాఫీ చేస్తుంది. ఆ మాఫీ ఉంటే, ఇన్నేళ్లు కూడబెట్టుకున్నదానికి ఆ కారు అందుతుంది. లేకపోతే బొమ్మ చూసుకుని కూర్చోవలసిందే.

అడ్డం ఒక్కటే. ఆయన పేరు మీద అప్పటికే ఒక కారు ఉంది.

అది తమ్ముడి కారు. తమ్ముడు ఇళ్ల స్థలాలు అమ్మించే బ్రోకరు. మాట వెన్న, బట్టలు ఇస్త్రీ నలగనివి. కారు కొనేటప్పుడు అన్నగారి పేరు పెట్టి పన్ను ఎగ్గొట్టాడు. ఇంట్లో కాళ్లు లేని అన్న ఉండడం అందరికీ కుదిరే అదృష్టం కాదు కదా, ఉన్నవాడు ఊరికే వదులుతాడా! రూలు ప్రకారం ఒక మనిషికి ఒక్క బండికే మాఫీ. ఆ బండి ఆ మనిషి అవసరాలకే వాడాలి. ప్రభుత్వం పెట్టిన గడువు తీరకుండా అమ్మితే మాఫీ చేసిన పన్నంతా కక్కాలి. దొరికిపోతే జరిమానా పడేది కూడా ఎవరి పేరు మీద బండి ఉందో ఆయనకే.

అన్నయ్య ఆ కారు బొమ్మ సంగతి ఎత్తినప్పుడల్లా తమ్ముడిది ఒకటే పాట.

"మనింట్లో నీదీ నాదీ అని ఎప్పుడైనా అనుకున్నామా అన్నయ్యా? గడువు తీరనీ. ఇది అమ్మేసి, నీ బండి నేనే దగ్గరుండి కొనిపెడతాను."

అన్నయ్య నమ్మాడు. నొప్పి మందు రాసుకుని, అదే వంతెన మీద, అదే బండి తిప్పుకుంటూ ఎదురుచూశాడు. నాకు ఒళ్లు మండిపోయేది. "నిలదీసి అడగవేం?" అంటే, "ఇంకెంత, కొన్నాళ్లేగా అమ్మాయ్" అనేవాడు.

అంతలో పేపర్లో గొడవ మొదలైంది. వికలాంగుల పేర్లతో ఎవరెవరో పెద్ద పెద్ద కార్లు కొని తిరుగుతున్నారట. అధికారులు రోడ్డు మీద బండ్లు ఆపి, ఈ బండి గలాయన ఏడీ అని అడుగుతున్నారట. ఆ వారమే తమ్ముడికి అన్న మీద ప్రేమ పొంగుకొచ్చింది. ఎక్కడికి వెళ్తున్నా, "నువ్వూ రా అన్నయ్యా" అనడం.

అన్నయ్య పొంగిపోయి నా దగ్గర కొత్త చొక్కా కుట్టించుకున్నాడు.

"తమ్ముడు తిప్పుతున్నాడు అమ్మాయ్. లోకం చూస్తున్నా."

కొన్నాళ్లయ్యాక అడిగాను, ఏమేం చూశావని.

"హోటలు వెనకాల పార్కింగు చూశా. ఆస్పత్రి కింద పార్కింగు చూశా. బట్టల షాపు పార్కింగులో అయితే చెట్టు కూడా ఉంది" అని నవ్వాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

చంకకర్రలు తియ్యడం, మనిషిని దింపడం, మళ్లీ ఎక్కించడం వాళ్లకి తలనొప్పి. మరదలు తియ్యగా చెప్పేదట, "బావగారూ, మీరు ఏసీలో హాయిగా కూర్చోండి, ఇట్టే వచ్చేస్తాం" అని. ఆ ఇట్టే అన్నది పూటంతా సాగేది. మధ్యలో ఒంటేలుకి వెళ్లాలన్నా దింపే దిక్కు లేదు. అందుకని కారెక్కే రోజున పొద్దుటి నుంచీ మంచినీళ్లు ముట్టడం మానేశాడు.

"లైసెన్సు, ఇన్సూరెన్సు, నేను. మూడూ బండిలో ఉండాలి, అంతే" అన్నాడు ఒకరోజు, తీగ చుడుతూ, నావైపు చూడకుండా.

మరదలి తరఫు వాళ్ల పెళ్లికి పెళ్లికూతురి బట్టలు నేనే కుట్టాను. చివరి సర్దుబాట్లు అక్కడే చెయ్యాలని నన్నూ కార్లో ఎక్కించుకున్నారు. తమ్ముడు నడుపుతున్నాడు, పక్కన మరదలు, వెనక అన్నయ్యా నేనూ. పెద్ద రోడ్డెక్కగానే ఆపారు. కుర్ర ఆఫీసరు. కాగితాలు చూసి, వెనక అద్దం దింపమని, మర్యాదగా అడిగాడు.

"ఈ బండి మీ అవసరాలకే వాడుతున్నారా అండీ?"

తమ్ముడి చెవులు ఎర్రబడ్డాయి. నేను నోరు తెరిచాను. అన్నయ్య నా చెయ్యి గట్టిగా నొక్కాడు.

"నాకోసమేనండి."

"ఎక్కడెక్కడికి వెళ్తుంటారు?"

అన్నయ్య మెల్లగా మొదలుపెట్టాడు. 

"కొట్టుకండి. నాకు వైండింగు కొట్టుంది. రోజూ పొద్దున్నే తమ్ముడు అక్కడ దింపుతాడు, సాయంత్రం వచ్చి తీసుకెళ్తాడు. దారిలో వంతెన ఎత్తుగా ఉంటుంది. చేతి బండి మీద వెళ్తానంటే ఒప్పుకోడండి. భుజం పాడవుతుంది అన్నయ్యా, వద్దంటాడు."

నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. కళ్లలో నీళ్లు ఆగలేదు. ఆయన అబద్ధమాడుతున్నట్టు లేదు. ఎన్నోసార్లు మనసులో చెప్పుకున్నదాన్ని మొదటిసారి పైకి చెబుతున్నట్టుంది.

"ఇలాంటి తమ్ముడు అందరికీ దొరకడండీ. అదృష్టవంతులు" అని ఆఫీసరు కాగితాలు తిరిగిచ్చేశాడు.

కారు కదిలాక తమ్ముడు పగలబడి నవ్వాడు. "ఏం చెప్పావు అన్నయ్యా! నేనే నమ్మేశాను" అన్నాడు. మరదలూ నవ్వింది. పెళ్లివారింటి దగ్గర మేం దిగాం, అన్నయ్య దిగలేదు.

ఆ మాటలు విన్నాక ఎంతటివాడికైనా సిగ్గు పుడుతుందని ఆశపడ్డాను. మర్నాడు పొద్దున్న కుట్టుమిషను మీద చెయ్యి వేసి, కళ్లు రోడ్డుకి అప్పగించి కూర్చున్నాను. కారు వస్తుందేమోనని. మూడు చక్రాల బండే వచ్చింది. ఎడమ చేత్తో తిప్పుతున్నాడు, కుడి చెయ్యి ఒళ్లో పెట్టుకుని.

గడువు తీరేసరికి భుజం కూడా తీరిపోయింది. తమ్ముడు మాట ప్రకారం పాత కారు అమ్మేశాడు. అన్నగారి పేరు మీదే ఇంకా పెద్దది కొన్నాడు. అదేమిటని అడగబోతే జాలిగా అన్నాడట, "ఈ భుజంతో నువ్వెలాగూ నడపలేవు కదా అన్నయ్యా" అని. అది నిజం కూడా, అదే నా కడుపుమంట. కొట్టు మూతపడింది. ఇప్పుడక్కడ ఫోన్లకు అద్దాలు అంటిస్తున్నారు. గోడ మీది బొమ్మ వాళ్లే పీకేశారు.

మొన్న ఆ పెద్ద కారు మా వరస ముందు ఆగింది. తమ్ముడూ మరదలూ ఎదురు షాపులోకి వెళ్లారు. నేను పని వదిలేసి పరుగెత్తాను. వెనక సీట్లో అన్నయ్య ఉన్నాడు. నేను కుట్టిన చొక్కా, భుజాల దగ్గర వదులై వేలాడుతోంది. అద్దం దించి, పాత కొట్టు వైపు చూస్తూ నవ్వాడు.

"చూశావా అమ్మాయ్, తమ్ముడు కార్లో కొట్టు దగ్గరికి తీసుకొచ్చాడు."

పెదవులు ఎండిపోయి ఉన్నాయి. లోపలికి వెళ్లి చెంబుతో మంచినీళ్లు తెచ్చి కిటికీలోంచి అందించాను. చెంబు వంక చూశాడు, ఎదురు షాపు వంక చూశాడు.

"వద్దులే అమ్మాయ్" అన్నాడు. "ఇంకా రెండు మూడు చోట్లకి వెళ్లాలట."