కామమ్మ అలికిన కోర్టు

కబడ్డీ పోటీలకు ఇంకా తొమ్మిది రోజులున్నాయనగా కామమ్మ జల్లెడ తీసుకుని ఆటస్థలానికి వెళ్లింది. ముప్ఫయ్యారేళ్లుగా ఆ ఊరి కోర్టు తయారు చేసేది ఆమే.

కోవూరు నుంచి సముద్రం వైపు పోయే దారిలో ఉంది ఆ ఊరు. వరికోతలు కాగానే అక్కడ మూడు రోజులు పోటీలు జరుగుతాయి. పద్నాలుగు ఊళ్ల జట్లు వస్తాయి. ఏడాదంతా గట్ల దగ్గర కొట్టుకునేవాళ్లు ఆ మూడు రోజులూ ఒకే చాప మీద కూర్చుని ఒకే జట్టు కోసం గొంతులు పోగొట్టుకుంటారు.

ఊరి నేల ఉత్త ఇసుక. కాలు నిలవదు. అందుకని పెన్న ఒండ్రు తోలించి, జల్లించి, ముళ్లూ గుల్లలూ ఏరి, ఊకా పేడా కలిపి తొక్కి అలకాలి. ఆరాక కామమ్మ మోకాళ్ల మీద కూర్చుని కోర్టంతా అరచేత్తో తడుముతుంది. తన చేతికి తగలని రాయి ఆటగాడి మోకాలికి తగలదని ఆమె నమ్మకం.

ఇన్నేళ్లలో ఆమె ఒక్క ఆటా చూడలేదు. కొత్త కోడలిగా వచ్చినప్పుడు అత్త పోనివ్వలేదు. తరవాత అలవాటు లేక పోలేదు. భర్త పెంచలయ్య ఊరి జట్టులో పేరున్న కూతగాడు. ఇంట్లో మాత్రం నోరు విప్పేవాడు కాదు. పెళ్లయిన ఏడాది, మొదటి రోజు ఆటలయ్యాక, తెల్లవారి కోర్టుకి మళ్లీ పేడనీళ్లు చల్లడానికి వెళ్లి ఆమె ఆగిపోయింది. నేల మీద పెంచలయ్య మడమ ఈడ్చుకుపోయిన జాడ ఉంది. దాని చుట్టూ నాలుగు జతల పాదాలు కుమ్ములాడి ఉన్నాయి. మధ్య గీత మీద ఐదు వేళ్ల గుర్తులు.

మధ్యాహ్నం అన్నం వడ్డిస్తూ అంది: "నిన్న నలుగురు నీ కాలు పట్టుకున్నా గీత అందుకున్నావు కదా."

పెంచలయ్య ముద్ద కంచంలో పెట్టేసి తలెత్తాడు. "ఎవురు చెప్పినారు?"

"ఒకరు చెప్పాల్నా? అక్కడ కనపడతానే ఉండాదిగా."

అప్పటినుంచి అదే వాళ్ల మాటామంతీ. ఎవడు భయపడి వెనక్కి తగ్గాడో, ఎవడు కుంటి కాలితో ఆడాడో ఆమె చెప్పేది. అతను నవ్వి, తప్పయితే దిద్దేవాడు. ఆట మానేశాక కూడా ఆ మూడు రోజులు ఆమె చెప్పే కబురు కోసం పీట మీద ముందే కూర్చునేవాడు. అతను పోయి ఏడేళ్లయింది. పిల్లల్లేరు. ఆమె ఇప్పటికీ పొద్దున్నే వెళ్లి జాడలన్నీ చూస్తుంది. చూసి అలికేస్తుంది.

ఆ రోజు ఒండ్రు సగం జల్లించేసరికి క్లబ్బు సెక్రటరీ హరినాథ్ బండి మీద వచ్చాడు.

"ఇంగ నీ మోకాళ్లకి రెస్టు పెద్దమ్మా! ఈ ఏడు మ్యాట్ తెస్తుండాం. టౌన్లో అందరూ దాని మీదనే ఆడేది."

కామమ్మ జల్లెడ దించింది. "మ్యాట్ కింద నేల ఉంటాదిగా అబ్బయా. అది చేస్తాలే."

"నేల యాడిది? ఇస్కూల్లో సిమెంటు మీద పరుస్తుండాం." ఆమె మొహం చూసి గొంతు తగ్గించాడు. "నువ్వు ముందర కుర్చీలో కూచుని చూడు. శాలువా కూడా కప్పిస్తా."

పోటీల మూడో రోజు సాయంత్రం ఫైనల్‌కి ఆమెను నిజంగానే ముందు వరసలో కూర్చోబెట్టారు. వెనక నుంచి పొరుగింటి మాలకొండమ్మ గిల్లింది.

"ఏం మే, కుర్చీ దొరికినాక మా పక్కకి చూపే లేదా?"

నీలం మ్యాట్ మీద బూట్లు కీచుమంటున్నాయి. కామమ్మ ఒక పాదాన్ని కళ్లతో పట్టుకుని చూస్తుండగానే జనం లేచి అరిచేవాళ్లు. ఏం జరిగిందో తెలిసేలోపు ఇంకొకడు కూతకు వెళ్లేవాడు. ఆఖరి కూతకు వెళ్లిన ఊరి కుర్రాడు విజయభాస్కర్ మీద ముగ్గురు పడ్డారు. తరవాత అంతా చేతులూ కాళ్లూ, ఈలలూ. ఊరు గెలిచింది. పక్కవాళ్లు ఆమె భుజాలు పట్టుకుని ఊపారు. "కీర్తిశేషులు పెంచలయ్య గారి సతీమణి" అని మైకులో పిలిచి శాలువా కప్పారు. కోర్టు సంగతి ఎవరూ ఎత్తలేదు.

తెల్లవారి ఆమె స్కూలుకి వెళ్లింది. విజయభాస్కర్, ఇంకో ఇద్దరు మ్యాట్ చుట్టబోతున్నారు. ఆమె వంగి దాని మీద చెయ్యి వేసింది. ఎంత వెతికినా చల్లటి నునుపే తగిలింది. రాత్రే తుడిచేశారు కాబోలు.

"ఏమన్నా పోగొట్టుకున్నావా పెద్దమ్మా?"

"లేదు నాయనా. నిన్న ఆఖర్న ముగ్గురు పట్టుకుంటే ఎట్టా బయటపడ్డావు?"

"అదేంది! ముందర కుర్చీలోనే ఉండావుగా?"

"ఉన్నా. నాకు తెలీలా."

అతను ఉత్సాహంగా ఫోను తీసి వీడియో పెట్టాడు. మిగతా ఇద్దరూ మీద పడ్డారు. "అదీ! అక్కడ చూడరా, వాడి మొహం చూడు!" మూడు తలల వెనక కామమ్మ మునివేళ్ల మీద నిలబడింది. తెర మీద ఎండ పడి మెరుస్తోంది. వాళ్లు రెండోసారి వేసుకుని నవ్వుతుంటే పక్కకు జరిగింది.

హరినాథ్ ట్రాక్టరుతో వచ్చాడు. "వచ్చే ఏడు సొంత మ్యాట్ కొంటుండాం పెద్దమ్మా. ముందర కుర్చీ ఎప్పటికీ నీదే."

"వద్దబ్బయా. ఎవురికన్నా ఇయ్యి."

"అలిగినావా ఏంది?"

"అలగడానికేముంది. నాకు ఆట చూడ్డం రాదు."

"పెంచలయ్య పెళ్లానికి ఆట చూడ్డం రాదంట్రా!" హరినాథ్ పకపకా నవ్వాడు. కుర్రాళ్లూ నవ్వారు. ఆమె కూడా కాస్త నవ్వింది.

మ్యాట్ ట్రాక్టరెక్కింది. ఆటస్థలం మీదుగా పోతే ఇల్లు దగ్గర. కామమ్మ చుట్టు దారిన పోయింది.