పదకొండో నంబరు మిషిను

మా ఆయన నాచారంలో సర్కారు ఫ్యాక్టరీలో లేత్ మిషిను మీద పనిచేసేవాడు. ఏటా దసరాకు పిల్లల్ని తీసుకుని ఆడవాళ్లమంతా లోపలికి పోయేవాళ్లం. ఎవరి మిషినుకు వాళ్ల ఇంటావిడే పసుపు రాయాలి. ఆ ఇనుము చల్లదనం నాకు ఇప్పటికీ అరచేతిలో ఉంది.

ఒక ఏడు ఫ్యాక్టరీని ప్రైవేటు వాళ్లకు అమ్మినట్టు ఖాయమైంది. కొన్నవాళ్లు చూడటానికి వస్తారన్నారు. మిషిన్లు బాగుంటే మనుషుల్ని కూడా ఉంచుకుంటారని మావాళ్ల లెక్క. అందుకని దసరా ఇంకా నెలన్నర ఉండగానే పూజ పెట్టారు. వారం ముందు నుంచే నేను పాత చీరలు చింపి గుడ్డపీలికలు పంపాను. కిరోసిన్‌తో తుడిచీ తుడిచీ, ఎప్పుడూ నల్లగా ఉండే ఆయన గోళ్లు తెల్లబడ్డాయి.

"నీ బనీను నువ్వు ఉతుక్కోవు గాని, మిషిన్‌కు తానం పోస్తున్నవ్," అన్నాను.

"బనీను జీతమియ్యదు గదనే," అన్నాడు.

పూజనాడు నేను పోయి మిషినుకు పసుపు రాసి, బొట్టు పెట్టి వచ్చాను. తర్వాత కొన్నవాళ్ల మనుషులు వచ్చారు. ఒకతను సుద్దముక్కతో ప్రతి మిషిను మీదా ఒక అంకె రాసుకుంటూ పోయాడట. మా ఆయన ఆ పూట నవ్వు మొహంతో ఇంటికి వచ్చాడు.

"మనకు పదకొండో నంబరొచ్చింది. నువ్వు పెట్టిన బొట్టు పక్కనే రాసిన్రు."

"నంబరెందుకయ్యా?"

"వరుసల వెట్టనీకి. కొత్త షెడ్డు కడ్తరంట."

ఇంటికి వచ్చినవాళ్లందరికీ పదకొండు, పదకొండు అని నేనే చెప్పాను. ఉప్పల్‌లో ఉన్న మా చెల్లెలికి కూడా.

ఇరవై రోజులకు గేటుకు కాగితం అంటించారు. పని బంద్. కొన్నవాళ్లకు కావలసింది జాగా. మిషిన్లను విడివిడిగా అమ్మేశారు, ఏది ఎవరికో తెలియడానికి ఆ అంకెలు. బాగా మెరిసినవి ముందు పోయాయి.

పదకొండో నంబరును లారీ ఎక్కించే రోజు మేమిద్దరం గేటు బయట నిలబడ్డాం. నా పసుపు దాని మీద అట్లానే ఉంది. ఏడుపు వస్తుందనుకున్నాను, రాలేదు. మా ఆయన హమాలీలతో, "అన్నా, జర కింద గోనె ఎయ్యిండ్రి. నూనె కారుతది, కాలు జారుతది," అన్నాడు. వాళ్లు వేశారు.

ఇంటికి వచ్చి అన్నం తిన్నాడు. పప్పులో ఉప్పు మరిచిపోయానని తర్వాత నేను తిన్నప్పుడు తెలిసింది.

దసరా వచ్చింది. పసుపు కలిపి, గిన్నె పట్టుకుని నిలబడ్డాను.

"దేనికి వెట్టాలె?"

ఆయన ఇల్లంతా చూశాడు.

"కత్తిపీటకు పెట్టు," అన్నాడు.

పెట్టాను.