రేడియేటర్‌లో పసుపు

రాత్రిపూట ఎదురుగా వచ్చే లైట్లు చెదిరి కనిపించడం మొదలయ్యాక నేను కారు నడపడం మానేశాను. పత్రికాఫీసు నుంచి అప్పటికే రిటైరయ్యాను. తార్నాకలో ఆటోలకు కొదవ లేదు. పాత కారు అమ్మేద్దామన్నాను. మా ఆవిడ ఒప్పుకోలేదు.

“నేను నేర్చుకుంటానండీ. వారమంతా బౌద్ధనగర్‌లో స్కూలుకి, ఆదివారం చర్చికి ఆటోవాళ్లను బతిమాలలేక చస్తున్నా” అంది.

చివరకు ఒక ఒప్పందానికి వచ్చాం. లైసెన్సు పరీక్ష అయ్యేదాకా కారు ఉంటుంది, పాసైతే ఆమెదే. ఈలోగా పెద్ద రిపేరు వస్తే అమ్మేయాలి. ఆ షరతు నాదే.

రోజూ పొద్దున్నే యూనివర్సిటీ లోపలి రోడ్ల మీద సాధన. ఆ వేళకు అక్కడ నడిచేవాళ్లు, పరిగెత్తేవాళ్లు, విద్యానగర్ వైపు నుంచి ఎల్ బోర్డులు తగిలించుకుని వచ్చేవాళ్లు ఒకరినొకరు క్షమించుకుంటూ తిరుగుతుంటారు. ఆమె నాకంటే ముందే నీళ్ల సీసా పట్టుకుని కిందికి దిగేది. అద్దాలు తుడవడానికి అనుకున్నాను.

సోమవారం పరీక్ష. ముందటి శుక్రవారం క్యాంపస్‌లో రెండో చుట్టు తిరుగుతుండగా, ఇంజన్ వేడి చూపించే ముల్లు ఎర్రగీత దాకా పోయింది. పక్కకు ఆపించాను. బానెట్ సందుల్లోంచి ఆవిరి. కింద తారు మీద కాస్త తడి.

“పెద్ద రిపేరేనంటారా?” అని అడిగింది. చేతులు స్టీరింగ్ మీదే ఉన్నాయి.

“చూపిద్దాం” అన్నాను.

చల్లారాక నీళ్లు పోసి, తార్నాక సందులో రేడియేటర్లు బాగుచేసే షెడ్డుకు మెల్లగా తీసుకెళ్లాం. మెకానిక్ రేడియేటర్ విప్పి బయటపెట్టాడు. పాత బండి కాబట్టి దాని పై ట్యాంకు ఇత్తడిది. పైపుతో నీళ్లు కొట్టగానే లోపలి నుంచి పసుప్పచ్చటి ముద్ద జారింది. అతను వేలికి రాసుకుని వాసన చూశాడు.

“ఏంది సార్, గిందుల పప్పు వండిన్రా?”

నేను మా ఆవిడ వైపు చూశాను. ఆమె గోడ మీద క్యాలెండర్ చూస్తోంది.

“పసుపేనండీ” అంది. “కొన్నాళ్లుగా బొట్టుబొట్టుగా కారుతోంది. చెంచాడు వేస్తే చిల్లు మూసుకుంటుందని మా స్కూలు వ్యాన్ డ్రైవర్ చెప్పాడు. మీకు చెబితే అమ్మేస్తారని...”

“చెంచాడా?” అన్నాడు మెకానిక్. “పెండ్లికి నలుగు పెట్టినట్టున్నది మేడమ్! చిల్లు బందైతది గానీ, నీళ్లు పోయే సన్న గొట్టాలు గూడ బందైతయి. గందుకే గరమైంది.”

“బాగవుతుందా బాబూ?”

“చిల్లు చిన్నదే. రేకు పల్చగైంది. మంట పెడితే పక్కకు విచ్చుకపోతదేమో, చెప్పలేను. అట్లయితే కొత్తదే. జర దువా చెయ్యున్రి.”

“ప్రార్థన చేస్తూనే ఉన్నాను” అంది.

పసుపంతా కడిగి, గొట్టాల మూతులకు రబ్బరు బిరడాలు బిగించి, లోపలికి గాలి కొట్టి నీళ్ల తొట్టిలో ముంచాడు. ట్యాంకు అంచు అతుకు దగ్గర నుంచి బుడగలు వరసగా లేచాయి. అక్కడ గీరి, తుడిచి, గ్యాస్ మంట చూపిస్తూ టంకం పెట్టాడు. ఆ మంట వెలిగినంతసేపూ మా ఆవిడ కూర్చోలేదు.

మళ్లీ తొట్టిలో ముంచాడు. ఒక బుడగ లేచింది. ఆమె నా చొక్కా చేయి పట్టుకుంది. మెకానిక్ అతుకు మీద వేలితో ఒకసారి తుడిచాడు. అంచుకు అంటుకున్న గాలి మాత్రమే. ఇంకో బుడగ రాలేదు.

దారిలో ఇద్దరం ఆ షరతు సంగతి ఎత్తలేదు. ఇంటికొచ్చాక కారు కింద ఒక అట్టముక్క పరిచాను. శనివారం పొద్దున వెళ్లేసరికి ఆమె అప్పటికే వంగి దాన్ని చూస్తోంది. అట్ట పొడిగా ఉంది.

“చిన్న రిపేరే” అన్నాను.

“పెద్దదని నేనన్నానా?”

సోమవారం పరీక్షకు బయల్దేరే ముందు మళ్లీ ఆ అట్ట చూసి, మడిచి డిక్కీలో పెట్టింది. నేను వెళ్లి ఎడమ సీట్లో కూర్చున్నాను.